పరీక్ష లేని పట్టిక
(డాక్టర్ యలవర్తి నాయుడమ్మ స్మారకోపన్యాసం)



నాయుడమ్మ గారు 1922లో తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు. కాశీలో చదువుకున్నారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. మద్రాసు అడయారులో ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉండి దానికి దేశదేశాల్లో పేరు తెచ్చారు. 1971లో సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్ అయ్యారు. తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. 1985 జూన్ 23న కనిష్క విమానం కూలినప్పుడు అందులో ఆయన కూడా ఉన్నారు. వీటిలో చాలావరకు మీకు తెలిసినవే. నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఇంకొకటి: చదువుకున్న ఇళ్లలో ముట్టుకోవడానికే జంకే పదార్థాన్ని ఆయన తన జీవితకాలపు పనిగా ఎంచుకోవడం. తోలును చేత్తో పట్టుకుని, నలిపి, వంచి, నీళ్లలో నానబెట్టి, దాన్నుంచి సైన్సు నేర్చుకోవడం. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ చేతిపని చుట్టూనే తిరుగుతుంది.

విషయం చాలా చిన్నది. ఆరో తరగతి సైన్సులో పదార్థాలను గుంపులు చేసే పాఠం ఉంటుంది. గట్టివి, మెత్తవి, తేలేవి, మునిగేవి, కరిగేవి, కరగనివి, వెలుతురును పోనిచ్చేవి, పోనివ్వనివి. సైన్సు చదువులో పిల్లలు మొదట ఎక్కే మెట్లలో ఇదొకటి. ఈ మెట్టు దగ్గరే మనం వాళ్లను తప్పుదారి పట్టిస్తున్నామని నా అభిప్రాయం. ఎలా పట్టిస్తున్నామో, దారి ఎక్కడుందో వరసగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

1

మన బళ్లలో ఈ పాఠం ఎలా సాగుతుందో మీకు తెలుసు. బోర్డు మీద పట్టిక గీస్తాం. ఎడమ పక్క చెక్క, ఇటుక, ఇనుము, గాజు, రబ్బరు. కుడి పక్క గడుల్లో టిక్కులు. చెక్క తేలుతుంది, ఇటుక మునుగుతుంది, ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది. పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. పరీక్షలో మార్కులు వస్తాయి. పీరియడంతా ఎవరి చెయ్యీ తడవదు.

ఇప్పుడు మన నేల మీదే ఉన్న రెండు వస్తువులు చూద్దాం. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం చేవను ముక్క కోసి నీళ్లలో వేస్తే అడుక్కి పోతుంది. చెక్కే, కానీ నీటికంటే బరువైన చెక్క. ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఉంది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలుతాయి. ఒళ్లంతా సన్నటి గాలి గుల్లలతో వాటిని తయారుచేశారు. శిఖరం బరువు తగ్గించాలని ఆ శిల్పులు కోరుకున్నారు, సాధించారు. ఎనిమిది వందల ఏళ్లుగా గోడలు ఆ బరువును మోస్తూనే ఉన్నాయి. మన పట్టిక ప్రకారం చూస్తే ఎర్రచందనమూ తప్పే, రామప్ప ఇటుకా తప్పే!

ఇంట్లో స్టీలు గిన్నెల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఇండక్షన్ స్టవ్వులు వచ్చాక కొందరు గిన్నెల కొట్టుకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్తున్నారు. గిన్నె అడుగుకు అది అంటుకుంటే కొంటారు, లేకపోతే పక్కన పెడతారు. రెండూ స్టీలే, రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. నికెల్ కలిపిన స్టీలులో ఇనుప పరమాణువుల అమరిక మారిపోతుంది, అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. గిన్నెల కొట్టులో అయస్కాంతం ఆనించి చూసే ఇల్లాలు చేస్తున్నది అచ్చమైన పదార్థ పరీక్ష. పేరును నమ్మకుండా వస్తువునే అడుగుతోంది ఆమె.

ఒక ధర్మం గురించి చెప్పినప్పుడల్లా ఏం చేసి చూశాం, దేంతో చూశాం, ఎంత వేడిలో చూశాం, ఎంతసేపు చూశాం అన్నవి దాని వెంటే రావాలి. అవి తీసేస్తే మిగిలేది పేర్ల జాబితా. పిల్లలు బట్టీ పడుతున్నది ఆ జాబితానే. వజ్రాన్నే తీసుకోండి. గీసి చూస్తే దాన్ని మించింది లేదు. 1812లో మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త వేసిన పది మెట్ల కాఠిన్య మానంలో అది పదో మెట్టు. సుత్తితో కొడితే పగిలిపోతుంది. అదే దెబ్బకు ఇనుప మేకు మహా అయితే వంగుతుంది. ఏది గట్టిది అని పిల్లవాడు అడిగితే, గీసి చూస్తావా, కొట్టి చూస్తావా అని ఎదురు అడగాలి.

2

ఇక తోలు దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి.

పచ్చి తోలు బరువులో సగానికి పైగా నీళ్లే. అలా వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లుతుంది. ఎండబెడితే చెక్కలా బిగుసుకుంటుంది, వంచితే పగుళ్లిస్తుంది. నీళ్లలో వేసి ఉడకబెడితే కరిగి జిగురవుతుంది. ఇదే తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క రసంలో వారాల తరబడి ఊరనిస్తే, అది కుళ్లదు, ఎండినా మెత్తగా వంగుతుంది, అరవై మైళ్లు నడిచినా కాలి కింద నిలుస్తుంది. దక్షిణాది తోళ్లకు ఒకప్పుడు విదేశీ మార్కెట్లలో ఉన్న పేరు వెనక తంగేడు చెక్క, కరక్కాయ ఉన్నాయి. ఈ రోజు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మ మీద పసుపు పచ్చగా మనం చూసేది ఆ తంగేడు పువ్వే.

మరి ఊరిన తోలును, ఊరని తోలును ఎలా వేరు చేస్తారు? తోళ్ల శాస్త్రంలో ఒక చక్కటి పరీక్ష ఉంది. తోలు నుంచి సన్నటి పట్టీ కోసి, నీళ్లలో వేలాడదీసి, నీటిని నెమ్మదిగా వేడి చేస్తారు. ఒక వేడి దగ్గర పట్టీ ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. ఆ వేడి ఎంతో రాసుకుంటారు. పచ్చి తోలు 60 డిగ్రీలు దాటగానే ముడుచుకుంటుంది. తంగేడు లాంటి చెట్ల రసాల్లో ఊరింది 75 నుంచి 85 వరకు ఆగుతుంది. క్రోమియం లవణాలతో ఊరబెట్టింది మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. తోలు శాల్లో ముక్క కోసి మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, తీసి, ముందు గీసుకున్న కొలతతో పోలుస్తారు. కుదించుకోకపోతే సరుకు అయినట్టు. రంగు చూసి కాదు, వాసన చూసి కాదు, ఊరబెట్టినవాడి మాట విని కూడా కాదు. పట్టీ కుదించుకుందా, లేదా? ఎవరు చేసినా అదే జవాబు వచ్చే ప్రశ్న అది.

ఇక్కడ మీరు ఒక మాట అనుకోవచ్చు: అయితే ఊరిన తోలు మంచిది, ఊరని తోలు చెడ్డది. అలా రాసినా పట్టిక తప్పుతుంది. డప్పు చూడండి. డప్పుకు వేసేది వెంట్రుకలు తీసి ఆరబెట్టిన పచ్చి తోలు. చెప్పుకు పనికొచ్చే మెత్తటి తోలు బిగిస్తే ఆ మోత రాదు. వానాకాలంలో గాలిలో చెమ్మ పీల్చుకుని డప్పు వదులవుతుంది, మొద్దుగా పలుకుతుంది. అందుకే వాయించే ముందు గడ్డి మంట దగ్గర డప్పు కాస్తారు. చెమ్మ పోయి తోలు బిగుస్తుంది, సిర్ర తగలగానే గణగణమంటుంది. ఎంతసేపు కాయాలో కొలిచే పరికరం లేదు. వేళ్లతో తట్టి, చెవితో విని తెలుసుకుంటారు. ఎక్కువ కాస్తే తోలు చిట్లుతుంది. చెప్పుకు లోపమైన బిగువే డప్పుకు ప్రాణం. చెప్పు అట్టకు గట్టిగా ఉండే తంగేడు తోలు కావాలి, పై భాగానికి మెత్తటి క్రోమ్ తోలు కావాలి. ఒకే పశువు చర్మం. పనిని బట్టి దాన్ని అడిగే ప్రశ్న మారుతుంది, గుంపూ మారుతుంది.

ఈ తెలివి ఎవరిది అన్నది కూడా ఈ వేదిక మీద చెప్పుకోవాలి. లందల దగ్గర తరతరాలుగా తోలు ఊరబెట్టిన మాదిగ కుటుంబాలది. వాళ్లను ఊరి చివర నిలబెట్టి, వాళ్లు తయారుచేసిన చెప్పులు తొడుక్కుని, వాళ్ల చేతుల్లో ఉన్న పదార్థ శాస్త్రాన్ని మాత్రం ఒక్క పాఠ్యపుస్తకంలోకి రానివ్వలేదు. ఏ చెక్క రసం ఎన్నాళ్లు, ఏ తోలు ఏ అంగుళం దగ్గర పలచన, వెన్ను మీది తోలుకూ పొట్ట మీది తోలుకూ తేడా ఏమిటి అన్నవి వాళ్లకు వేలికొసల మీద ఉండేవి. నాయుడమ్మ గారు ప్రయోగశాలను తోలు శాల దగ్గరికి తీసుకెళ్లాలని పట్టుబట్టారు. దాని విలువను మన బడి పాఠాలు ఇంకా అందుకోలేదు.

3

మూడో మాట వేడి గురించి, కాలం గురించి.

వైశేషిక సూత్రాల్లో కణాదుడు నీటి ద్రవత్వాన్ని, నెయ్యి, లక్క, మైనాల ద్రవత్వాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. నీటికి అది సహజం. నెయ్యి, లక్క, మైనం నిప్పు తగిలినప్పుడే ద్రవమవుతాయి. సీసం, తగరం, బంగారం కూడా అంతే. ఆ తర్వాతి వాళ్లు దీనికి నైమిత్తిక ద్రవత్వం అని పేరు పెట్టారు. గుణాన్ని పేర్కొన్న చోటే, అది ఏ స్థితిలో కనిపిస్తుందో కూడా చెప్పడం ఎంత శ్రద్ధగల పని! ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్లు ఈ సంగతి రోజూ చేసి చూపిస్తారు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్ర మీద పొరలా పరుచుకుంటుంది. చెయ్యి తీయగానే గాజులా గట్టిపడి మెరుస్తుంది. లక్క గట్టిదా, మెత్తదా? బొమ్మ చేసే మనిషికి ఆ ప్రశ్నే అర్థంలేనిది. ఎంత వేడి దగ్గర అని అడుగుతాడు.

కాలం సంగతి ఇంతకంటే వింతైంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే భౌతిక శాస్త్ర ఆచార్యుడు 1927లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. నల్లటి తారు ముద్దను వేడిచేసి గాజు గరాటులో పోశాడు. మూడేళ్లు కుదురుకోనిచ్చి 1930లో గరాటు అడుగు కోశాడు. ఆ తారును సుత్తితో కొడితే గాజు పగిలినట్టు ముక్కలవుతుంది. గరాటులో మాత్రం అది కారుతోంది. 2014 నాటికి రాలినవి తొమ్మిది చుక్కలే. నీటికంటే వేల కోట్ల రెట్లు చిక్కటి ద్రవం అది. సుత్తికి సెకనులో వెయ్యో వంతు చాలు, అంత తక్కువ వ్యవధిలో తారు ఘనమే. గరాటుకు పదేళ్లు కావాలి, ఆ వ్యవధిలో అదే తారు ద్రవం. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద లారీ ఎక్కువసేపు ఆగిన చోట టైర్ల అచ్చులు పడటం మీరందరూ చూసే ఉంటారు. అదే రోడ్డు మీద వేగంగా వెళ్లే లారీ అచ్చు వదలదు. వేడీ కాలమూ రెండూ కలిసి వేసిన అచ్చు అది.

ఇంత మాట్లాడాక, అయితే ధర్మాలన్నీ మన ఇష్టమేనా, ఎవరు ఎలా అడిగితే అలాగేనా అని ఒక తెలివైన విద్యార్థి లేచి అడగవచ్చు. కాదు. ప్రశ్న మనిషిది, జవాబు పదార్థానిది. నీటికంటే ఎర్రచందనం చేవ బరువు అన్నది ఎవరి అభిప్రాయమూ కాదు. షరతులు సరిగా రాస్తే విజయవాడలో వచ్చిన జవాబే వరంగల్లులోనూ వస్తుంది. షరతులు రాయకపోతే వచ్చే తేడాలను మనం పిల్లల తప్పుల కింద కట్టేస్తున్నాం. అదే నా బాధ. ఇటుక తేలిందని నిజాయతీగా రాసుకొచ్చిన పిల్లకు సున్నా పడుతుంది.

4

పదార్థ ధర్మాల మీదే ఆధారపడి బతికే ఒక పెద్ద పరిశ్రమ ఉంది. దాని ముడిసరుకు మన తీరం మీదే దొరుకుతుంది. భీమిలి వైపు బీచ్ మీద అల వెనక్కి పోయినప్పుడు ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. పిల్లలు దాన్ని మట్టి అనుకుంటారు. గుప్పెడు తీసి ఆరబెట్టి కాగితం మీద పోసి, కాగితం అడుగున అయస్కాంతం జరపండి. కొన్ని గింజలు వెంటనే లేచి నిలబడతాయి, అవి మాగ్నటైట్. మిగిలిన నల్ల గింజల్లో ఎక్కువ భాగం ఇల్మనైట్, దానికి ఇంకా బలమైన అయస్కాంతం కావాలి. భూతద్దంతో చూస్తే ఎర్రటి గార్నెట్, పసుపు ఛాయ మోనజైట్, రంగులేని జిర్కాన్, గోధుమ ఛాయ రూటైల్ కనిపిస్తాయి.

ఒడిశాలోని ఛత్రపురంలో, కేరళలోని చవరలో ఇలాంటి ఇసుకను విడదీసే కర్మాగారాలున్నాయి. అక్కడ ఇసుకను ప్రశ్నలు అడిగే వరస ఎంతో అందంగా ఉంటుంది. మొదటి ప్రశ్న బరువు. నీళ్లతో కలిపి మెలికలు తిరిగే కాలవల్లో దింపుతారు. మామూలు ఇసుక సాంద్రత 2.65, ఇల్మనైట్, జిర్కాన్‌లది నాలుగున్నర దాటుతుంది. తేలికవి బయటి అంచుకు కొట్టుకుపోతాయి, బరువైనవి లోపలి అంచున నిలుస్తాయి. రెండో ప్రశ్న విద్యుత్తు. ఆరబెట్టిన గింజలను తిరిగే లోహపు డ్రమ్ము మీద పోస్తూ ఎక్కువ వోల్టేజితో ఆవేశం ఎక్కిస్తారు. ఇల్మనైట్, రూటైల్ ఆ ఆవేశాన్ని వెంటనే డ్రమ్ముకు వదిలేసి ఎగిరి దూరంగా పడతాయి. జిర్కాన్, గార్నెట్, మోనజైట్ వదలలేక డ్రమ్మును అంటిపెట్టుకుని చుట్టూ తిరిగొస్తాయి, వెనక బ్రష్షు వాటిని దులుపుతుంది. మూడో ప్రశ్న అయస్కాంతం. వాహకాల్లో ఇల్మనైట్ దానికి లొంగుతుంది, రూటైల్ లొంగదు. అవాహకాల్లో గార్నెట్, మోనజైట్ లొంగుతాయి, జిర్కాన్ లొంగదు. ఆరో తరగతి పాఠంలోని బరువు, వాహకత, అయస్కాంతం అన్న మూడు ప్రశ్నలే ఇవి. అవి వేరుచేసి ఇచ్చినవాటిలో పెయింట్లలోని తెల్లరంగుకు ముడిసరుకు ఉంది, థోరియం ఉంది, అణు రియాక్టర్లకు కావలసిన లోహం ఉంది.

ఆ చివరి లోహం కథ మన హైదరాబాదుకు వస్తుంది. జిర్కాన్ నుంచి తీసేది జిర్కోనియం. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం ఇంధనాన్ని నింపే గొట్టాలను జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు, ఎందుకంటే అది న్యూట్రాన్లను దాదాపు అడ్డుకోదు. అయితే జిర్కాన్‌లో హాఫ్నియం అనే ఇంకో లోహం కొద్దిగా కలిసి ఉంటుంది. రసాయన గుణాల్లో ఇద్దరూ కవలలు. 1789లో జిర్కోనియం ఉనికిని క్లాప్రోత్ గుర్తించాక, దాని లోపలే ఉన్న హాఫ్నియం 1923 దాకా ఎవరికీ పట్టుబడలేదు. కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెషీ ఎక్స్-కిరణాలతో అడిగినప్పుడు బయటపడింది. నూట ముప్పై నాలుగేళ్లు రెండింటినీ ఒకే గడిలో రాసుకున్నారు. ఇక న్యూట్రాన్లతో అడిగితే తేడా మామూలుది కాదు. హాఫ్నియం జిర్కోనియం కంటే సుమారు ఆరు వందల రెట్లు ఎక్కువగా న్యూట్రాన్లను మింగేస్తుంది. ఒకటి ఇంధన గొట్టానికి పనికొస్తుంది, రెండోది రియాక్టరును అదుపు చేసే కడ్డీలకు పనికొస్తుంది.

పిల్లలూ, ఒక్కటి అడుగుతాను. ఇవాళ మీ పుస్తకంలో ఒకే గడిలో ఉన్న వస్తువుల్లో, ఇంకా ఎవరూ అడగని ప్రశ్న దేనికోసం కాచుకుని ఉందో?

5

చివరిగా మన వీధిలోకి వస్తాను. పాత సామాన్ల కొట్టు దగ్గర ఎప్పుడైనా అరగంట నిలబడండి. ప్లాస్టిక్ కుప్ప ముందు కూర్చున్న మనిషి ఒక్కో ముక్కను చేతిలోకి తీసుకుని వంచుతుంది, నలుపుతుంది, గోటితో గీస్తుంది, బండ మీద వేసి చప్పుడు వింటుంది. వంచిన చోట తెల్లబడిందా, చిట్లిందా, మళ్లీ లేచిందా చూస్తుంది. సెకన్లలో ఏ సంచిలోకి పోవాలో తేలిపోతుంది. తప్పితే కరిగించే చోట సరుకంతా పాడవుతుంది, ధర పడిపోతుంది. ఆమెకు వచ్చే కూలీ ఆ వేళ్ల నేర్పు మీద ఆధారపడి ఉంది. దేశంలో ఇంతకంటే ఎక్కువసార్లు పదార్థ ధర్మాలను పరీక్షించే వృత్తి ఇంకొకటి ఉందని నేననుకోను. ఆమెకు చేతి తొడుగులు కూడా ఉండవు.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈ పాఠానికి పట్టిక బదులు బకెట్టు తీసుకెళ్లండి. మంచినీళ్ల బాటిల్‌ను ముక్కలు కోయండి, దాని మూతను కోయండి. రెండూ ప్లాస్టిక్కే. బాటిల్ ముక్క మునుగుతుంది, దాని సాంద్రత 1.38. మూత ముక్క తేలుతుంది, దానిది ఒకటికి తక్కువ. ముక్కలకు గాలి బుడగలు అంటుకుంటే జవాబు తారుమారవుతుంది, వేలితో నీటి అడుగుకు నొక్కి వదలాలి. ఇప్పుడు పాత సీడీ పెట్టె ముక్క వేయండి, మునుగుతుంది. తర్వాత లీటరు నీళ్లకు 150 గ్రాముల ఉప్పు కలపండి. సీడీ పెట్టె ముక్క పైకి వస్తుంది, బాటిల్ ముక్క అడుగునే ఉంటుంది. నీళ్లు మారాయి కాబట్టి గుంపు మారింది. ప్లాస్టిక్కును మళ్లీ వాడుకునే కర్మాగారాల్లో టన్నుల లెక్కన చేసే పని ఇదే. నోటుబుక్కులో మూడు గడులు గీయించండి: ఏం చేశాను, దేనిలో చేశాను, ఏమైంది. వస్తువు పేరు చివర రాయించండి. వీలైతే ఒక పూట పాత సామాన్ల కొట్టు మనిషిని, ఒక పూట చెప్పులు కుట్టే పెద్దాయనను బడికి పిలవండి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడించండి.

పాత సామాన్ల కొట్టు మనిషిని ఒక వస్తువు గురించి తప్పక అడగండి: చిప్స్ ప్యాకెట్టు. బయట అచ్చు వేసిన ప్లాస్టిక్ పొర, లోపల అల్యూమినియం పూత, దాని లోపల ఇంకో ప్లాస్టిక్ పొర. మూడింటినీ కలిపి చేసిన దాన్ని వంచి చూసినా, తేల్చి చూసినా, అయస్కాంతం పెట్టినా విడదీసే దారి కొట్టులో లేదు. అందుకే కుప్పలో అది ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోతుంది, కాలవలోకి చేరుతుంది. చిప్స్ మెత్తబడకుండా, నూనె చెడకుండా, దుకాణంలో మెరుస్తూ ఉండాలని తయారుచేసినవాళ్లు దాన్ని మూడు ప్రశ్నలు అడిగారు. వాడాక ఎలా వేరుచేస్తారన్న నాలుగో ప్రశ్న అడగలేదు.

సభ అయ్యాక పిల్లలు ఇటు రండి. రెండు బకెట్ల నీళ్లు, ఉప్పు, కత్తెర, బాటిళ్లు ఆ పక్క బల్ల మీద పెట్టించాను. మీ జేబుల్లో ఏ ప్లాస్టిక్ ఉంటే అది కూడా తీసుకురండి. నమస్కారం.